ప్యాకెట్ల అచ్చు నుంచి ఆహారంలోకి రసాయనాల వలస

ప్యాకెట్‌పై వేసిన ఇంకులోని, ప్లాస్టిక్‌లోని, పొరలను అతికించే జిగురులోని చిన్న అణువులు లోపలి తిండిలోకి చేరడమే రసాయన వలస. వేడి, నూనె, నిల్వ ఉంచే కాలం పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. అచ్చు బయటి వైపే ఉందికదా అని ధీమా పడలేం. అచ్చయిన ఫిల్మును రోలుగా చుట్టినప్పుడు ఒక చుట్టు మీది ఇంకు పై చుట్టు లోపలి ముఖానికి అంటుకుంటుంది. కంటికి మరకైనా కనబడకపోవచ్చు. 2005లో ఇటలీలో పసిపిల్లల పాలలో ఐటీఎక్స్ అనే రసాయనం బయటపడి సరుకు వెనక్కి తీసుకున్నారు. అతినీలలోహిత కాంతిలో ఇంకు త్వరగా ఆరడానికి కలిపే పదార్థమది.

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2018 ప్యాకేజింగ్ నిబంధనలు 2019 జులై 1 నుంచి అమలయ్యాయి. అచ్చు ముఖం ఆహారానికి తగలకూడదు, ఇంకు ఐఎస్ 15495 ప్రమాణానికి లోబడాలి, న్యూస్‌పేపర్‌లో తినుబండారాలు చుట్టకూడదు. సంగారెడ్డి జిల్లా కంగ్టి లాంటి మండల కేంద్రాల్లో ఈ చివరి నియమమే ఎక్కువ వర్తిస్తుంది. బాణలిలోంచి తీసిన మిర్చిబజ్జీని పేపర్ ముక్కలో పెడితే వేడి, నూనె, ఇంకు మూడూ ఒకేచోట కలుస్తాయి. చిప్స్ ప్యాకెట్ కంటే ఇదే ఎక్కువ ఆలోచించాల్సిన విషయం.

ఇవే నిబంధనల ప్రకారం ప్లాస్టిక్‌కు మొత్తం వలస పరిమితి కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు. ప్రయోగశాలలో పులుపు పదార్థాలకు బదులు 3 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని, నూనె పదార్థాలకు బదులు హెప్టేన్‌ను వాడి, ఆవిరయ్యాక మిగిలిన మడ్డిని తూస్తారు. ఈ తూకం మొత్తం ఎంతో చెబుతుందేగాని అందులో ఏముందో చెప్పదు. ఐటీఎక్స్ లాంటివాటికి విడిగా పరీక్ష చేయాలి.