ఏది ఎక్కువసేపు?

రెండు కర్రల్లో ఏది పొడవో తేల్చాలంటే వాటిని పక్కపక్కన పెడితే చాలు. రెండు పనుల్లో ఏది ఎక్కువసేపు పట్టిందో తేల్చడానికి ఆ వీలు లేదు. రెండో పని పూర్తయ్యేసరికి మొదటిది గడిచిపోయి ఉంటుంది. అందుకే కాలాన్ని పోల్చడానికి మళ్లీ మళ్లీ ఒకే తీరున జరిగే చిన్న సంఘటన ఏదో ఒకటి కొలతగా కావాలి. పసివాళ్లకు కాలం నేర్పిన చరిత్రంతా అటువంటి కొలత కోసం సాగిన వెతుకులాటే.

మన దేశంలో ఆ కొలతను పూర్వులు చెవితో పట్టుకున్నారు. వేదపాఠంలో అక్షరం పొడవు తప్పితే మంత్రమే తప్పినట్టు. అందువల్ల ఉచ్చారణ నేర్పే శిక్షా గ్రంథాలు మాత్ర అనే ప్రమాణం పెట్టుకున్నాయి. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ప్లుతం మూడు. పాణినీయ శిక్ష ఈ లెక్కను పక్షుల, జంతువుల గొంతులకు ముడిపెట్టింది. పాలపిట్ట కూత ఒక మాత్ర, కాకి అరుపు రెండు, నెమలి కేక మూడు, ముంగిస చప్పుడు అర మాత్ర. చదువు చెప్పేవాడికి ఇంతకన్నా చక్కని సాధనం దొరకదు. కాకి లేని ఊరు ఉండదు, దాని అరుపు వినని పిల్లవాడూ ఉండడు. తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దుతూ ‘అ, ఆ’ అని పలికేటప్పుడు చేసేదీ ఇదే. తమకు తెలియకుండానే ఒక కాలాన్ని దానికి రెట్టింపు కాలంతో పోల్చి చూస్తారు.

ఇదే లెక్కను ఆర్యభటుడు రోజు దాకా తీసుకుపోయాడు. ఆర్యభటీయం ప్రకారం అరవై గురువులు (దీర్ఘాక్షరాలు) పలికేంత సేపు, లేదా ఆరు శ్వాసలు తీసేంత సేపు ఒక వినాడి. అరవై వినాడులు నాడి, అరవై నాడులు ఒక రోజు. తెలుగువాళ్లు విఘడియ, గడియ అన్నది వీటినే. నేటి లెక్కలో విఘడియ 24 సెకన్లు, గడియ 24 నిమిషాలు, ఏడున్నర గడియలు ఒక జాము.

గడియను కంటికి చూపింది గడియకుడుక. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్లపై వదిలితే మెల్లగా నిండి మునుగుతుంది. రాత్రింబగళ్లు కలిపి అరవై సార్లు మునిగేలా దాన్ని చేయాలని సూర్యసిద్ధాంతం చెబుతుంది. ముహూర్తం కోసం పెట్టిన అటువంటి గిన్నెలో ముత్యం పడి రంధ్రం మూసుకుపోయిందనీ, అలా భాస్కరాచార్యుడి కూతురు లీలావతి పెళ్లి గడియ దాటిపోయిందనీ ఒక కథ. ఆయన ‘లీలావతి’ గ్రంథాన్ని 1587లో పారసీలోకి తెచ్చిన ఫైజీ ఈ కథ చెప్పాడు. కథ నిజం కాకపోవచ్చు గానీ, ఆ సాధనం పనిచేసే తీరు ఒకసారి విన్నవాళ్లకు మరపురాదు.

ముళ్ల గడియారాలు వచ్చాక పద్ధతి మారింది. 1889లో చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు అమర్చారు. 1906లో దేశానికి ఒక ప్రామాణిక సమయం నిర్ణయించారు. బడిలో కాలం పాఠమంటే ‘టైమెంతైంది’ చెప్పడమైంది. నిజానికి ఎంతైందన్నది వేరు, ఎంతసేపు పట్టిందన్నది వేరు. మొదటిది అంకెలు చదవడం, రెండోది పోల్చడం.

ఈ రెండోది పసివాళ్లకు ఎంత కష్టమో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజె చూపించాడు. 1928లో దావోస్‌లో ఐన్‌స్టీన్ ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు: పిల్లలకు ముందు తెలిసేది కాలమా, వేగమా? ఆ ప్రశ్న వెంట సాగిన పరిశోధన 1946లో పుస్తకమైంది. రెండు బొమ్మలు ఒకేసారి బయలుదేరి ఒకేసారి ఆగుతాయి. వాటిలో ఒకటి వేగంగా నడిచి దూరం పోతుంది. దూరం పోయిందే ఎక్కువసేపు నడిచిందని చిన్నపిల్లలు పట్టుబట్టారు. వాళ్ల దృష్టిలో దూరమూ కాలమూ ఒకటే.

ఆ తీర్పు మరీ కఠినమని తర్వాత తేలింది. 1977లో పరిశోధకురాలు ఐరిస్ లెవిన్ బొమ్మలను నడిపించకుండా నిద్రపుచ్చి, ఏది ఎక్కువసేపు పడుకుందని అడిగింది. దూరం, వేగం అడ్డు తొలగేసరికి అయిదారేళ్ల పిల్లలు కూడా చాలావరకు సరిగ్గా పోల్చగలిగారు. పిల్లల్లో లోపం లేదు, ప్రశ్నలోనే చిక్కుముడి ఉంది.

గడియకుడుకలో దూరమూ లేదు, వేగపు భ్రమా లేదు. ఉన్నవి మునకలే. చిన్న స్టీలు గిన్నెకు అడుగున మేకుతో రంధ్రం చేసి బకెట్ నీళ్లలో వదలడం ఏ అంగన్‌వాడీలోనైనా అయ్యే పని. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎన్ని మునకలు, పళ్లెంలో అన్నం తినడానికి ఎన్ని మునకలు అని ముందు పిల్లలచేత లెక్కపెట్టించండి. గడియారం ముళ్లు తర్వాత చూపించవచ్చు.