కెన్యా ఎస్టేట్ కాఫీ: పేరు ఎవరిది, రుచి ఎవరిది?

కెన్యా కాఫీ చరిత్ర రాసినవారు చాలామంది ఒకే దారిలో నడిచారు. ఎర్రటి అగ్నిపర్వత నేల, ఎత్తైన కొండలు, తెల్లదొరల ఎస్టేట్ల క్రమశిక్షణ కలిసి ఆ రుచిని పుట్టించాయన్నది వారి సారాంశం. ఎస్ప్రెస్సో కోసం వేయించిన ప్యాకెట్ మీద ఒకే ఎస్టేట్ పేరుంటే అదే నాణ్యతకు హామీ అనుకోవడం ఈ కథనం చేసిన అలవాటే. నేల, ఎత్తు సంగతి నిజం. ఎస్టేట్ సంగతి మాత్రం మళ్లీ విచారించాలి.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1890లలో ఫ్రెంచి క్యాథలిక్ మిషనరీలు టైటా కొండల్లోని బురాలో, ఆ తర్వాత నైరోబీ దగ్గర కాఫీ నాటారు. రైలు వచ్చింది, దాని వెనకే తెల్ల రైతులు వచ్చారు. కియాంబు, థికా ప్రాంతాల్లో తోటలు లేచాయి. మైసూరు సీమ తోటలో ఎంపికైన కెంట్ రకం కూడా ఆ తరంలోనే తూర్పు ఆఫ్రికా చేరింది.

అసలు వివాదం దీని తర్వాతి కాలం గురించే. 1930ల దాకా ఆఫ్రికన్ రైతును లైసెన్సులతో, పాలనాపరమైన ఆంక్షలతో కాఫీకి దూరంగా ఉంచారు. చిన్న రైతు చేతిలో పడితే తెగుళ్లు పాకుతాయి, దొంగతనాలు పెరుగుతాయి, నాణ్యత పడిపోతుంది అన్నవి అప్పుడు చెప్పిన కారణాలు. తెగులు భయం ఉత్తదేమీ కాదు. కాయలను నల్లగా కుళ్లబెట్టే కాఫీ బెర్రీ వ్యాధిని కెన్యాలో 1922లోనే గుర్తించారు. కానీ అప్పటికి ఆఫ్రికన్ రైతుకు తోటే లేదు. ఆ నింద అతని మీద ఎలా పడుతుంది?

సరిహద్దు దాటి చూస్తే ఈ వాదన ఇంకా బలహీనపడుతుంది. టాంగన్యికాలో కిలిమంజారో వాలుల మీద చగ్గా రైతులు తమ కాఫీ తామే పండించి 1925లో సంఘం పెట్టుకున్నారు. 1933 నాటికి అది సహకార యూనియన్ అయింది. పొరుగున సాధ్యమైనది కెన్యాలో ఎందుకు కాలేదు? సొంత తోట ఉన్నవాడు దొర తోటలో కూలికి రాడు. నిషేధానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. 1930ల మధ్యలో కిసీ, ఎంబు, మేరు ప్రాంతాల్లో కొద్ది చెట్లకు అనుమతి ఇచ్చారు. 1954 నాటి స్విన్నర్టన్ ప్రణాళికతో గానీ తలుపు పూర్తిగా తెరుచుకోలేదు.

రుచికి మూలమైన ఎస్‌ఎల్‌28 రకం కూడా ఎస్టేట్ల సృష్టి కాదు. 1931లో టాంగన్యికా పర్యటనలో కాఫీ అధికారి ట్రెంచ్ కరువును తట్టుకునే చెట్లను గమనించి విత్తనం తెచ్చారు. స్కాట్ ప్రయోగశాలలో 1935లో వాటినుంచి ఒక చెట్టును ఎంపిక చేశారు. వెతికింది కరువును తట్టుకునే గుణం. రుచి దాని వెంట వచ్చింది. ఎస్టేట్లకూ న్యాయం చేయాలి. వేలం, గ్రేడింగ్ పద్ధతులు వారి హయాంలోనే స్థిరపడ్డాయి. కానీ ఆ పద్ధతులను నిలబెట్టినవారిలో న్యేరి, కిరిన్యాగ సహకార సంఘాల రైతులు ముందున్నారు. వారి వాషింగ్ స్టేషన్‌లో పచ్చి కాయలను, తొర్ర కాయలను చేత్తో ఏరి పక్కన పెడతారు. గుజ్జు తీసిన గింజను సిమెంటు తొట్టిలో పులియబెట్టి, కాలువలో కడిగి, మళ్లీ శుభ్రమైన నీటిలో నానబెడతారు. ఎత్తైన బల్లల మీద ఆరబోసి, మిట్టమధ్యాహ్నం ఎండకు కప్పుతారు. కప్పులో కనిపించే స్వచ్ఛత ఈ చాకిరీదే.

ఎస్ప్రెస్సో ఈ కాఫీకి ఆలస్యంగా దొరికిన వేదిక. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాజియా లీవరు యంత్రం అధిక ఒత్తిడితో చిక్కటి కషాయం దించడం మొదలయ్యాక, ఇటలీ వ్యాపారులు బ్రెజిల్ గింజకు రొబస్టా కలిపి వాడారు. కెన్యా గింజ పులుపు ఎక్కువని చాలా కొద్ది భాగంగానే కలిసింది. 18 గ్రాముల పొడినుంచి 36 గ్రాముల కషాయం తీస్తే పులుపూ చిక్కబడుతుంది కనుక ఆ జంకు అర్థం చేసుకోదగ్గదే. అయితే లోపం గింజది కాదు, వేయించే తీరుది. వేగుతున్న గింజల మొదటి చిటపటలు ఆగగానే దించేస్తే పులుపు నాలుకను కోస్తుంది. నూనె పైకి తేలేదాకా మాడ్చితే చేదు మిగులుతుంది. ఆ రెంటి మధ్య ఓపిగ్గా ఆపితే బ్లాక్‌కరెంట్ పులుపు బెల్లపు తీపితో కలిసి నిలుస్తుంది.

నేటి వేయింపుదారులు చాలామంది ఆ ఓపిక చూపడం లేదు. పచ్చిదనాన్నే సున్నితత్వమని అమ్ముతున్నారు. అంతకన్నా పెద్ద బాధ తోటల్లో ఉంది. 1980ల చివర సుమారు 1,30,000 టన్నులకు చేరిన కెన్యా దిగుబడి నేడు దానిలో సగం కూడా లేదు. 1989లో అంతర్జాతీయ కాఫీ కోటాలు కూలి ధర పడింది. రైతుకు డబ్బు ఆలస్యంగా, కోతలతో అందింది. నైరోబీ చుట్టూ తోటలు ఇళ్ల స్థలాలవుతున్నాయి. మంచి ఎస్టేట్ కాఫీ ఇప్పటికీ ఉంది, దాన్ని మెచ్చుకోవాలి. కానీ ఎస్టేట్ పేరును కొలమానంగా పెట్టుకుంటే, ఒకప్పుడు రైతును గెంటేసిన ఏర్పాటుకే మళ్లీ ప్రతిష్ఠ కట్టబెట్టినట్టు. సహకార సంఘం పేరు, గింజ రకం, రైతుకు దక్కిన ధర ప్యాకెట్ మీద కనిపించాలి. కొనేవాళ్లు అవి అడగడం మొదలుపెడితే తప్ప అమ్మేవాళ్లు రాయరు.