గురి పెట్టని పిడుగు

"దేనికి వేశావ్ రా ఇది?" అని అడిగాను.

"ఇంకా దేనికీ వెయ్యలేదు మామా" అన్నాడు.

కొన్నేళ్ల కిందట ఒక శనివారం రాత్రి, కొండాపూర్‌లో ఆఫీసు ఫ్రెండ్ ఫ్లాట్. మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆడుతున్నాం. నా 20 లైఫ్‌లో 6 మిగిలింది. బల్ల మీద నాకున్నది ఒకే ఒక్క మంచి జంతువు, 3 డ్యామేజ్ తగిలితే చచ్చిపోయేది. వాడు రిఫ్ట్ బోల్ట్ అనే కార్డు తీసి పక్కన పెట్టి, దాని మీద ఒక రూపాయి బిళ్ళ ఉంచాడు. వచ్చే టర్న్‌లో అది 3 డ్యామేజ్ కొడుతుందని ఇద్దరికీ తెలుసు.

నా చేతిలో రెండు కార్డులున్నాయి. ఒకటి నా జంతువుని గట్టిపరిచేది, రెండోది నాకు 4 లైఫ్ ఇచ్చేది. మానా మాత్రం ఒక్కదానికే సరిపోతుంది. పిడుగు జంతువు మీదికే అనుకుని దాన్ని గట్టిపరిచాను. వాడి టర్న్ రాగానే బిళ్ళ తీసి రిఫ్ట్ బోల్ట్ నా మీద వేశాడు. 6 కాస్తా 3 అయింది. వెంటనే చేతిలోంచి లైట్నింగ్ బోల్ట్ తీశాడు. ఆట అయిపోయింది.

ఓడిపోవడం కొత్తేమీ కాదు. కానీ వాడన్న ఆ "ఇంకా" అనే మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. ఈ వ్యాసం ఆ మాట గురించే.

మ్యాజిక్ 1993 ఆగస్టులో వచ్చింది. రూపొందించింది గణితంలో పీహెచ్‌డీ చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్, ప్రచురించింది విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్. ఆటలో భూముల కార్డులు మానా ఇస్తాయి, మానా ఖర్చుపెట్టి మంత్రాలు వేస్తాం. మొదటి సెట్‌లోనే ఒక అయిదు కార్డుల వరస ఉంది. ఒక్క మానా కడితే ఏదో ఒకటి మూడు వస్తాయి: మూడు కార్డులు, మూడు మానా, జంతువుకి మూడింతల బలం కాదు గానీ మూడు పాయింట్ల బలం, మూడు లైఫ్, మూడు డ్యామేజ్. కాగితం మీద అన్నీ సమానమే. ఆటలో కాదు. మూడు కార్డులిచ్చే యాన్సెస్ట్రల్ రీకాల్ ఆట చరిత్రలోనే అతి శక్తిమంతమైన కార్డుల్లో ఒకటిగా నిలిచింది. మూడు లైఫ్ ఇచ్చే హీలింగ్ సాల్వ్‌ని పట్టించుకునేవాళ్లే తక్కువ. మూడు డ్యామేజ్ కొట్టే లైట్నింగ్ బోల్ట్ ఈ రెంటికీ మధ్యలో నిలబడింది: ఎప్పుడైనా వెయ్యొచ్చు, ఎవరి మీదైనా వెయ్యొచ్చు, చాలా చవక.

ఆ చవకదనమే దానికి ఇబ్బందైనట్టుంది. 1995లో వచ్చిన ఫోర్త్ ఎడిషన్ తర్వాత 2009 దాకా అది కోర్ సెట్లలో కనపడలేదు. మధ్యలో 1998లో షాక్ అనే కార్డొచ్చింది. అదే ఒక్క మానా, కానీ 2 డ్యామేజ్. అంటే ఒక్క మానాకి మూడు ఎక్కువ, రెండు సరిపోతుంది అని తేల్చినట్టు. మరి ఆ మూడుని మళ్లీ ఇవ్వాలంటే ఎలా? ధర మానాలో పెంచకపోతే ఇంకెక్కడ పెంచాలి?

2006 అక్టోబరులో వచ్చిన టైమ్ స్పైరల్ సెట్ దీనికొక జవాబు చెప్పింది: కాలంలో. ఆ సెట్ మొత్తం కాలం చుట్టూ, పాత కార్డుల జ్ఞాపకాల చుట్టూ తిరుగుతుంది. అందులో సస్పెండ్ అనే కొత్త పద్ధతి పెట్టారు. యాన్సెస్ట్రల్ రీకాల్‌ని తలపిస్తూ యాన్సెస్ట్రల్ విజన్ వచ్చింది: మూడు కార్డులు ఇస్తుంది, కానీ 4 టర్న్‌లు ఆగాలి. బ్లాక్ లోటస్ నీడలో లోటస్ బ్లూమ్ వచ్చింది: దానికి 3 టర్న్‌లు. లైట్నింగ్ బోల్ట్‌కి జవాబుగా రిఫ్ట్ బోల్ట్: ఒక్క టర్న్.

పని చేసే తీరు ఇది. రిఫ్ట్ బోల్ట్‌ని వెంటనే వెయ్యాలంటే 3 మానా. ఆగగలిగితే ఒక్క ఎర్ర మానా కట్టి, కార్డుని ఆట బయట అందరికీ కనపడేలా పెట్టి, దాని మీద ఒక టైమ్ కౌంటర్ ఉంచుతాం. మన తర్వాతి టర్న్ మొదట్లో, కొత్త కార్డు తీసుకోకముందే, అప్‌కీప్ అనే దశలో ఆ కౌంటర్ పోతుంది. చివరి కౌంటర్ పోగానే మానా ఏమీ కట్టకుండానే మంత్రం వేస్తాం. టార్గెట్ ఎవరో చెప్పేది అప్పుడే.

నేను పప్పులో కాలేసింది ఇక్కడే. కార్డు పక్కన పెట్టినప్పుడే గురి కూడా కుదిరిపోయిందనుకున్నాను. లేదు. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి ఇది తెలిసిన సంగతే: ఫంక్షన్‌ని ఇప్పుడు షెడ్యూల్ చేశాం, దానికి ఇచ్చే విలువ మాత్రం నడిచే క్షణంలోనే తెలుస్తుంది. రోజూ ఆఫీసులో రాసే కోడ్‌లో ఇలాంటి తప్పు జరిగితే పట్టుకునేవాణ్ణి. బల్ల మీద పట్టుకోలేకపోయాను.

అంటే ఆలస్యం పూర్తిగా నష్టం కాదు. ఎదుటివాడికి ఒక టర్న్ ఇస్తున్నాం, నిజమే. కానీ ఆ టర్న్‌లో వాడేం చేశాడో చూసి గురి పెడుతున్నాం. పైగా కార్డు చేతిలో లేదు కాబట్టి, చేతిలో కార్డులు పారేయించే మంత్రాలు దాన్ని తాకలేవు. సస్పెండ్ చెయ్యడం మంత్రం వెయ్యడం కిందకి రాదు కాబట్టి ఆ క్షణంలో ఎవరూ కౌంటర్ చెయ్యలేరు. బయటికొచ్చేటప్పుడే ఆపాలి.

అందుకే 2009లో లైట్నింగ్ బోల్ట్ తిరిగొచ్చాక కూడా రిఫ్ట్ బోల్ట్ మూలపడలేదు. లెక్క సులువు. మామూలుగా ఒక డెక్‌లో ఒకే కార్డు నాలుగు కాపీలకు మించి ఉండకూడదు. 20 లైఫ్‌ని మూడేసి చొప్పున కాల్చాలంటే ఏడు పిడుగులు కావాలి. నాలుగు లైట్నింగ్ బోల్ట్‌లూ దొరికినా చాలవు. మోడర్న్ ఫార్మాట్‌లో బర్న్ డెక్ ఆడేవాళ్లు ఈ రెండిటినీ పక్కపక్కనే పెట్టుకున్నది అందుకే.

ఆలస్యంగా పేలే మంత్రం మ్యాజిక్ సొంత ఊహ కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోనే ఏడో స్థాయి మంత్రంగా డిలేడ్ బ్లాస్ట్ ఫైర్‌బాల్ ఉంది. 2014 రూపంలో అది మెరిసే చిన్న పూస. పేలకుండా ఆపినకొద్దీ టర్న్‌కో పాచిక చొప్పున డ్యామేజ్ పెరుగుతుంది. ధైర్యముంటే ఎదుటివాడు ఆ పూసని పట్టుకుని విసిరెయ్యొచ్చు కూడా. అక్కడ ఆలస్యం బలాన్ని పెంచుతుంది, రిఫ్ట్ బోల్ట్‌లో ధరని తగ్గిస్తుంది.

ఆ ఆటని నడిపే కంపెనీని విజార్డ్స్ 1997లోనే కొనేసింది. అయినా అదే పేరుతో మ్యాజిక్ కార్డు రావడానికి 2021 జులై దాకా పట్టింది. ఆ కార్డు సస్పెండ్ వాడదు, ఫోర్‌టెల్ వాడుతుంది. చేతిలోంచి నేరుగా వేస్తే 3 మానా, ప్రత్యర్థులకీ వాళ్ల జంతువులకీ తలా 2 డ్యామేజ్. ముందు 2 మానా కట్టి బోర్లా పెట్టి, తర్వాతి టర్న్‌ల్లో ఎప్పుడైనా 6 కట్టి తీస్తే 5 డ్యామేజ్. ఇక్కడ కౌంటర్ లేదు, గడువు లేదు, కార్డు ముఖమే కనపడదు. ఏదో ఉందని మాత్రం తెలుస్తుంది.

ఈ మూడిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు పరీక్షిత్తు గుర్తొస్తాడు. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకి పోతావని శాపం. ఏడు కౌంటర్లు, అందరికీ కనపడేలా. గడువు తెలుసు, టార్గెట్ ఎవరో కూడా తెలుసు. తనే. అందుకే ఆ ఏడు రోజులూ కూర్చుని శుకుడి నోట భాగవతం విన్నాడు. మనకి పోతన దాకా వచ్చిన కథంతా ఆ గడువులో చెప్పిందే.

నాకు గడువు తెలుసు, ఎవరికో తెలీదు. తెలుసనుకున్నాను, అంతే. వాడు బిళ్ళ పెట్టాక నేనడగాల్సిన ప్రశ్న "దేనికి వేశావ్" కాదు, "దేనికి వేస్తే నాకు ఎక్కువ నష్టం" అని. దానికి జవాబు స్కోరు రాసుకునే కాగితం మీదే ఉంది: 6.

ఆ మధ్య మళ్లీ ఆడాం. వాడు కార్డు పక్కన పెట్టి రూపాయి బిళ్ళ వెతుక్కుంటుంటే నేనే జేబులోంచి తీసిచ్చాను. ఈసారి ఏమీ అడగలేదు. 4 లైఫ్ ఇచ్చే కార్డు వేసి, టర్న్ అయిపోయిందన్నాను. వాడు పిడుగు నా జంతువు మీద వేశాడు.