మామయ్యగారి కంప్యూటర్

1998లో ‘కార్డ్’ పథకంతో మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. పొలం దస్తావేజు ఆ పూటే చేతికొచ్చిందని మా మామయ్యగారు తెగ ముచ్చటపడి, 2001లో గుంటూరులో ఒక కంప్యూటర్ కొన్నారు. మిర్చి యార్డు లెక్కలు, పత్తి అప్పులు అన్నీ అందులోనే రాసేవారు.

ఆయన పోయి ఆరేళ్లు. మొన్న అత్తయ్య, “ఆ లెక్కలొకసారి చూపించమ్మా” అన్నారు. స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది, కుయ్ కుయ్‌మని కూతలు, తెర మాత్రం నలుపే. మా అబ్బాయి ఫోన్లో, “ర్యామ్ సరిగ్గా కూర్చోలేదేమో. ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, దాని బంగారురంగు అంచు రబ్బరుతో తుడువమ్మా” అన్నాడు.

తుడిచి పెట్టాను. తెర వెలిగింది! తేదీ మాత్రం 1980 జనవరి 1. బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందట. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో డాస్ తేదీల లెక్క 1980 నుంచే మొదలు. గడియారానికి బ్యాటరీ 1984 నాటి పీసీ ఏటీతో వచ్చింది. హార్డ్ డిస్కుకు ఆ బ్యాటరీతో పనిలేదు, అందుకే లెక్కలన్నీ భద్రం.

ఇంగ్లీషక్షరాల తెలుగులో ఒక వరుస: “అమ్మాయి గాజులు విడిపించాలి.” కిందే, “విడిపించాను.”

ఇన్నేళ్లూ మావారే విడిపించారనుకున్నాను. అత్తయ్య నా చేతులకేసి చూసి కళ్లు తుడుచుకున్నారు.

మీ ఇంట్లోనూ పాత కంప్యూటర్ ఉంటే, పాతసామాన్లకు వేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి.