కంటికి కానరాని శుభ్రత

రాజవొమ్మంగి పేరు వినగానే మనకు 1922 ఆగస్టు 24వ తేదీ జ్ఞప్తికి వచ్చును. చింతపల్లి, కృష్ణదేవిపేటల పిమ్మట అల్లూరి సీతారామరాజు ముట్టడించిన మూడవ పోలీసు ఠాణా అచ్చటిదే. నాడు మన్యపు గూడెములకు వార్త చాలవరకు కాలినడకననే చేరుచుండెను. నేడు అదే కొండల నడుమ రేడియో పలుకుచున్నది. ఆ పలుకునకు ఆధారమైన సర్క్యూట్ బోర్డును గూర్చి, దాని రంధ్రములను శుద్ధిచేయు ఆమ్లములను గూర్చి కొంత ముచ్చటింతము.

తొలినాటి రేడియోలలో తీగలను చేతితో ఒక్కొక్కటిగా అతికెడివారు. 1936లో లండనునందు పాల్ ఐస్లర్ అను ఆస్ట్రియా ఇంజనీరు, తీగలకు మారుగా పలకపై రాగి రేఖలు గల రేడియోను నిర్మించెను. రానురాను ఒక పొరకు బదులు పలు పొరల బోర్డులు వచ్చినవి. పొర నుండి పొరకు విద్యుత్తు పోవలెనన్న బోర్డునకు రంధ్రము తొలిచి, దాని గోడకు రాగిపూత పట్టింపవలయును.

మన దేశమున ఈ విద్యకు బలము చేకూర్చిన సంస్థలలో 1967లో హైదరాబాదున వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఒకటి. దాని స్థాపనకు కారకులైన డాక్టర్ ఎ.యస్. రావుగారు 1914లో పశ్చిమగోదావరి మోగల్లున జన్మించిరి. అల్లూరివారి పూర్వుల గ్రామమును అదియే యని ప్రసిద్ధి. 1969లో ఈ సంస్థ టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను. ఇట్టి యంత్రములకు బోర్డులే ప్రాణము.

బోర్డును తొలుచునపుడు పుట్టు వేడికి అందలి జిగురు లక్కవలె మెత్తబడి, లోపలి రాగి అంచులను కప్పివేయును. దానిపైననే పూత పట్టించినచో చూపునకు లోపము కానరాదు. యంత్రము మాత్రము ఎన్నడో ఒకనాడు మూగవోవును. ఆ జిగురును తొలగించుటకు మొదట గాఢ గంధకామ్లమును వాడిరి. అది గాలిలోని తేమను పీల్చి బలము కోల్పోవును; ఎక్కువసేపు ఉంచినచో రంధ్రపు గోడనే తినివేయును. క్రోమిక్ ఆమ్లమును వాడిరి గాని, అందలి క్రోమియము కాన్సరు కలిగించునని తేలినది. గాజుపోగుల కొనలను కరగించు ఫ్లోరైడు ఆమ్లములు మరింత మోసకారులు: తగిలినపుడు నొప్పి తెలియకపోవచ్చును గాని, విషము ఎముకవరకు దిగును. 1980 ప్రాంతమున క్షారముతో కూడిన పర్మాంగనేటు పద్ధతి వ్యాప్తికి వచ్చినది. అదియును వేడిగా వాడునదే, చర్మమును కాల్చునదే.

కావున ద్రవము మారినను నియమము మారలేదు. నీటిలో ఆమ్లమును కొద్దికొద్దిగా పోయవలయునే గాని, ఆమ్లములో నీరు పోయరాదు. పోసినచో మరిగి మొగముపై చిందును. కండ్లద్దములు, చేతితొడుగులు, గాలి పోవు ఏర్పాటు తప్పనిసరి. ఆమ్లము పడినచో తడిసిన బట్టలు విప్పి, ధారాళమైన నీటితో కనీసము పదునైదు నిమిషములు కడిగి, వైద్యుని కడకు పోవలయును.

ఈ మాటలు కర్మాగారములకే పరిమితములు కావు. ఇంటివద్ద ఫెర్రిక్ క్లోరైడుతో బోర్డు చేయబూను బాలునకు ప్లాస్టిక్ పాత్రను ఇయ్యుడు, వంటపాత్రలను ఇయ్యకుడు. రాగి కరగిన ఆ ద్రవమును కాలువలో పోయనీయకుడు. పాత బోర్డులనుండి బంగారము తీయుటకై పెరటిలో ఆమ్లములు మరిగించువారిని వారింపుడు. ఆ బంగారము రవ్వంత. పోవు ఊపిరితిత్తులు, కండ్లు తిరిగి రావు.