కూపు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి



సంక్రాంతి సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చినప్పుడు మేం నలుగురం మా ఊరి వెనకున్న పెద్ద కొండ ఎక్కాం. చింతపల్లి, గూడెం వైపు కొండలు మీకు తెలిసినవే. చిన్నప్పటి నుంచి రోజూ చూస్తున్న కొండే, కానీ మాలో ఒక్కరమూ దాని నెత్తి చూడలేదు. తోడుగా ఊళ్లో తాత ఒకాయన వచ్చారు.

సగం కొండ దాకా పాత కూపు రోడ్డు ఉంది. అడవిలో నరకడానికి ఫారెస్టోళ్లు గుర్తు పెట్టిన ముక్కని కూపు అంటారు కదా, అక్కడికి లారీలు వెళ్లడానికి వేసిన రోడ్డన్నమాట. ఆ రోడ్డు మీదే కలప దిగింది, కాగితం మిల్లులకి వెదురు దిగింది. ఇప్పుడు రోడ్డు మధ్యలోనే మా నడుమంత లావు చెట్లు పెరిగిపోయాయి. దుంగలు పేర్చిన చదును దగ్గర రోడ్డు ఆగిపోయింది. అక్కణ్ణుంచి దారే లేదు.

మేం కత్తులు తీసి ముళ్ల పొదలు నరుక్కుంటూ పోయాం. అరగంటకి చేతులు గీరుకుపోయాయి గానీ వంద అడుగులు కూడా ఎక్కలేదు. తాత నవ్వి, "ఊరికే నరకొద్దు బాబూ, పంది ఎటు దూరిందో చూడండి" అన్నారు. ఆయన వాగు వదిలేసి గట్టు పట్టుకున్నారు. గట్టు మీద పొద పలచగా ఉంటుంది, జంతువుల జాడ ఉంటుంది. మధ్యాహ్నానికి పైకి చేరాం. డిగ్రీ చదువుతున్న మాకు ఈ సంగతి తెలీదని సిగ్గేసింది, నిజం చెప్పాలంటే.

పైనుంచి చూస్తే ఒకటి అర్థమైంది. కూపు రోడ్డు మూడు గూడేల పక్క నుంచే పోయింది, కానీ ఒక్క గూడెంలోకీ తిరగలేదు. మంచి చెట్టు ఎక్కడుంటే అక్కడికి వెళ్లింది.

మన కొండల్లో రోడ్డు చరిత్రంతా దాదాపు ఇంతే. 1882లో మద్రాస్ అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయ్యింది, పోడు నేరమైంది. దానికి ముందే, 1879లో, జీలుగు కల్లు మీద పన్ను, మన్సబుదారు, పోలీసుల బాధలు పడలేక రంప వాళ్లు తిరగబడ్డారు. కొండలోకి సర్కారు రావాలంటే రోడ్డు కావాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనోళ్లని బలవంతంగా పనికి తోలాడు. కూలి సరిగ్గా ఇవ్వలేదు. తన తాతగారి తరం వాళ్లు ఆ రాళ్లు మోశారని తాత చెప్పారు. బాస్టియన్‌తో గొడవపడ్డ వాళ్లలో గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ఉన్నారు. ఆ కోపమే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు, 26 తుపాకులు.

మాకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చేది మాత్రం దామనపల్లి ఘాట్. 1922 సెప్టెంబర్ 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు పోలీసులతో ఆ దారిన వచ్చారు. మనోళ్లు పైన పొదల్లో ఉన్నారు. ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని పోనిచ్చి, దొరల్నే కాల్చారు. కింద ఉన్నోళ్లకి తెలిసింది ఆ దారి ఒక్కటే. పైన ఉన్నోళ్లకి పంది దారి కూడా తెలుసు. స్కూల్లో ఈ పాఠం చదివినప్పుడు రాజు గారి గురించే చెప్పారు. ఆ వాలు మీద చోటు చూపించిందెవరో ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు.

1924లో అస్సాం రైఫిల్స్‌ని దింపారు. మే 7న రాజుని చంపేశారు, ఆ సంవత్సరమే గంటందొర కూడా పోయాడు. మల్లుదొర జైలు చూసి బతికి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లాడు. మాలో ఇద్దరికి ఈ విషయం డిగ్రీకి వచ్చే దాకా తెలీదు.

రోడ్డే వద్దని మేం అనట్లేదు. పోయిన వానాకాలం మా పక్క గూడెం నుంచి నెలలు నిండిన అక్కని డోలీలో మోసుకొచ్చారు. మోసిన నలుగురిలో మా వాడొకడు ఉన్నాడు. కొంత దూరం ఆ కూపు రోడ్డు మీదే నడిచారంట. ఒకప్పుడు లారీ ఎక్కిన రోడ్డు మీద ఇప్పుడు డోలీ కూడా కష్టంగా పోతోంది. అక్కా బిడ్డా బాగున్నారు.

దిగేటప్పుడు తాత ఆ కొండ మీద గుట్టలకి, ఊటలకి పదకొండు పేర్లు చెప్పారు. ఫోన్ మ్యాప్‌లో చూస్తే అక్కడంతా ఉత్త పచ్చరంగే. ఆ పేర్లు నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ఎండాకాలం సెలవుల్లో పక్క కొండ ఎక్కుతాం, తాత వస్తానన్నారు. మీ ఊరి కొండ పేర్లు కూడా మీ తాతల్ని అడిగి రాసి పెట్టండి.