నరాల బిళ్లలోకి క్రోమియం ఎలా వచ్చింది?

షుగర్ ఉన్నవాళ్ల మందుల చీటీలో మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్‌ల కింద చాలాసార్లు ఇంకో పేరు ఉంటుంది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయనో, అరికాళ్లు మండుతున్నాయనో చెప్పినవాళ్లకు రాసే బిళ్ల అది. వాడేవాళ్లు దాన్ని నరాల బిళ్ల అంటారు, బలం మాత్ర అని కూడా అంటారు. రేకు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే మిథైల్‌కోబాలమిన్, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, ఫోలిక్ యాసిడ్ కనిపిస్తాయి. కొన్ని రకాల్లో ఆ వరసలోనే క్రోమియం పికోలినేట్ అని, పక్కన 200 మైక్రోగ్రాములు అని ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెకు తుప్పు పట్టకుండా కాపాడేది ఈ క్రోమియమే. అలాంటి లోహం చక్కెర జబ్బు మందుల్లోకి రావడం వెనక దాదాపు డెబ్భై ఏళ్ల కథ ఉంది. ఇందులో మోసం పాలు తక్కువే. ఒంట్లో లోటును పూడ్చడమూ, జబ్బుకు మందు ఇవ్వడమూ రెండు వేరువేరు పనులు. మంచి శాస్త్రవేత్తలు కూడా ఈ రెంటినీ ఒకటిగా చూశారు, ఆ పొరపాటు మీద ఒక వ్యాపారం లేచింది.

ఆ పొరపాటు ఎందుకంత సులభంగా జరిగిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం విటమిన్ల కాలం. తవుడు పోయిన తెల్లబియ్యం తిని బెరిబెరితో కాళ్లు పడిపోయినవాళ్లు తవుడు తినగానే లేచి నడిచారు. స్కర్వీకి నిమ్మజాతి పళ్లు, రికెట్స్‌కు కాడ్‌లివర్ నూనె మందయ్యాయి. గుక్కెడు రసం, చెంచాడు నూనె ప్రాణం నిలబెట్టడం కళ్లారా చూసిన తరానికి ప్రతి జబ్బు వెనకా ఏదో ఒక పోషకం తగ్గి ఉంటుందన్న అనుమానం సహజమే. ఇన్సులిన్‌కూ లోహాలకూ ఏదో చుట్టరికం ఉందన్న సూచనలు అప్పటికే ఉన్నాయి. 1899లోనే ఫ్రాన్సులోని లియోన్ నగర వైద్యులు షుగర్ రోగులకు వెనేడియం లవణం ఇచ్చి చూశారు. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1934లో అదే నగరంలో డేవిడ్ స్కాట్ జింకు కలిస్తేనే ఇన్సులిన్ చక్కని స్ఫటికాలు కడుతుందని చూపించాడు. ఇన్సులిన్ పనిచేయడానికి పక్కన ఇంకేదైనా ఖనిజం కావాలా అన్న ప్రశ్న ఎవరో ఒకరు వేయడానికి రంగం సిద్ధమై ఉంది.

ఆ ప్రశ్న వేసినవాడు క్లాస్ షువార్ట్జ్. జర్మనీ నుంచి వచ్చి, అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేశాడు. టోరులా అనే ఈస్టునే ప్రధాన ఆహారంగా పెట్టిన ఎలుకల కాలేయం పాడవుతోందని గమనించి, సెలీనియం ఇస్తే అది ఆగుతుందని 1957లో చూపించాడు. నేటికీ చెక్కుచెదరని ఆవిష్కరణ అది. అదే ఏడాది వాల్టర్ మెర్ట్‌జ్‌తో కలిసి ఆ ఎలుకల్లోనే ఇంకో సంగతి ప్రకటించాడు. సిరలోకి గ్లూకోజు ఎక్కించినప్పుడు వాటి రక్తంలోంచి అది నెమ్మదిగా తగ్గుతోంది. బీరు తయారీలో మిగిలే బ్రూవర్స్ ఈస్టు గానీ, పంది మూత్రపిండాల సారం గానీ ఇస్తే మామూలుగా తగ్గుతోంది. ఆ తెలియని పదార్థానికి గ్లూకోజ్ టాలరెన్స్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. 1959లో అందులోని అసలు సరుకు మూడు వేలెన్సీల క్రోమియమే అన్నారు. ఇక్కడ రెండు లొసుగులున్నాయి. ఎలుకల తిండిలో ముందునుంచీ ఎంత క్రోమియం ఉందో ఎవరూ కొలవలేదు. లోహపు బోనుల్ని కొరికే ఎలుకలకు అక్కణ్నుంచీ క్రోమియం అందుతుంది. పైగా వాటికి ఇచ్చిన మోతాదు శరీర బరువులో కిలోకు 200 నుంచి 500 మైక్రోగ్రాములు. తిండి ద్వారా ఏ ప్రాణికీ అంత చేరదు. సెలీనియం విషయంలో లోటును చూపించి మరీ తీర్చారు. క్రోమియం విషయంలో పెద్ద మోతాదు వేసి ఫలితం చూశారు, లోటు ఉందని దాన్నుంచి ఊహించుకున్నారు.

ఆ ఊహకు మనుషుల్లో రుజువు దొరికిందనిపించింది 1977లో. పేగు తీసేయాల్సి వచ్చిన ఒక మహిళకు టొరంటోలో ఏళ్ల తరబడి ఆహారమంతా సిర ద్వారానే ఎక్కిస్తున్నారు. మూడున్నరేళ్లు గడిచాక ఆమె బరువు తగ్గింది, నరాలు దెబ్బతిన్నాయి, షుగర్ పెరిగింది. రోజుకు 45 యూనిట్ల ఇన్సులిన్ ఇచ్చినా పరిస్థితి కుదుటపడలేదు. ఖుర్షీద్ జీజీభాయ్ బృందం రెండు వారాల పాటు రోజుకు 250 మైక్రోగ్రాముల క్రోమియం సిరలోకే ఎక్కించింది. ఇన్సులిన్ అవసరం తీరిపోయింది, నరాల బాధ తగ్గింది. కథ మొత్తంలో కొట్టిపారేయలేని సాక్ష్యం ఇదే. క్రోమియం పక్షాన మాట్లాడేవాళ్లు ఇప్పటికీ దీన్నే ముందు పెడతారు, అది న్యాయమే. ఈ బాపతు కేసులు వైద్య పత్రికల్లోకి ఎక్కినవి ఆ తర్వాత కొన్నే. వాటిని పక్కకు నెట్టేయకుండా మోతాదు లెక్క మాత్రం చూడాలి. మనం రోజూ తినే తిండిలో క్రోమియం కొన్ని పదుల మైక్రోగ్రాములు ఉంటే, పేగు పీల్చుకునేది అందులో నూటికి ఒకటో రెండో వంతులు. అంటే రోజుకు ఒక మైక్రోగ్రాముకు అటూఇటూగా రక్తంలో చేరుతుంది. ఆమెకు నేరుగా రక్తంలోకి ఇచ్చింది దానికి వందల రెట్లు. అంత ఇచ్చినప్పుడు కనిపించిన మేలు లోటు తీరడం వల్ల వచ్చిందా, మందుగా పనిచేయడం వల్ల వచ్చిందా అన్నది ఆ ఒక్క కేసుతో తేలదు.

అప్పటికే ప్రభుత్వ పత్రాల్లోకి అంకెలు ఎక్కడం మొదలైంది. 1980లో అమెరికా జాతీయ పరిశోధన మండలి పెద్దవాళ్లకు రోజుకు 50 నుంచి 200 మైక్రోగ్రాముల క్రోమియం చాలునని, అది క్షేమమని అంచనా వేసింది. ఇప్పటికీ రేకుల మీద కనిపించే 200 ఆ పైహద్దుతో సరిగ్గా సరిపోతుంది. ఇంతలో నార్త్ డకోటాలోని ఆ దేశ వ్యవసాయ శాఖ పోషకాహార పరిశోధనా కేంద్రంలో గ్యారీ ఎవాన్స్ ఒక చిక్కుకు పరిష్కారం వెతికాడు. క్రోమియం పేగులో సరిగా ఇంకదు. పికోలినిక్ యాసిడ్‌తో జతకడితే ఇంకుతుందని అతని ఆలోచన. లోహాల పికోలినేట్లకు 1982లో పేటెంటు వచ్చింది. తర్వాత దాని హక్కులు న్యూట్రిషన్ 21 అనే కంపెనీ చేతికి వెళ్లాయి. బరువు తగ్గిస్తుంది, కండ పెంచుతుంది, షుగర్ దించుతుంది అన్న ప్రచారంతో 1990లలో క్రోమియం పికోలినేట్ అమెరికాను ఊపేసింది. 1994లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం సప్లిమెంటు అమ్మేముందు అది పనిచేస్తుందని ప్రభుత్వం ముందు నిరూపించక్కర్లేదు. 1996లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జోక్యం చేసుకుని, ఆధారం లేకుండా అలాంటి ప్రచారం చేయకూడదని ఆ కంపెనీని కట్టడి చేసింది. కానీ అప్పటికే జనం మనసులో షుగర్‌కూ క్రోమియానికీ ముడి పడిపోయింది.

కొలతలు మెరుగైనకొద్దీ పునాది కదిలింది. రక్తంలో ఉండే క్రోమియం ఎంత తక్కువంటే, నమూనా తీసే సూది, పట్టే గొట్టం, ల్యాబులోని స్టీలు పనిముట్లు దానికన్నా ఎక్కువ క్రోమియం వదులుతాయి. 1980కి ముందు ప్రచురించిన విలువల్లో ఎక్కువ భాగం ఈ కల్తీ వల్ల ఎన్నో రెట్లు పెరిగి కనిపించినవే. ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అని అప్పట్లో వేసిన లెక్కలన్నీ అలా చెదిరిపోయాయి. 2001లో అమెరికా నిపుణుల సంఘం రోజుకు చాలునన్న అంకెను మగవాళ్లకు 35, ఆడవాళ్లకు 25 మైక్రోగ్రాములకు దించింది. అలబామా విశ్వవిద్యాలయంలో జాన్ విన్సెంట్ బృందం లోహమే లేని బోనుల్లో ఎలుకల్ని ఉంచి, అతి తక్కువ క్రోమియం ఉన్న తిండి నెలల తరబడి పెట్టింది. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం ఆ ఎలుకలకు ఏమీ కాలేదు, షుగర్ కూడా దారి తప్పలేదు. బాగా ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు మాత్రం ఇన్సులిన్ కాస్త మెరుగ్గా పనిచేసింది. షువార్ట్జ్ ఎలుకల్లో కనిపించింది కూడా బహుశా ఇదే. 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఇంకో అడుగు ముందుకేసి, క్రోమియం మనిషికి అత్యవసర పోషకమనడానికి ఆధారం లేదని, కాబట్టి రోజువారీ అవసరం అంటూ నిర్ణయించనక్కర్లేదని తేల్చింది.

అత్యవసరం కాకపోతే పోయింది, మందుగా పనిచేస్తే చాలదా అని అడగొచ్చు. ఇది గట్టి ప్రశ్న. దీనికి ఊతం చైనాలో జరిగిన ఒక ప్రయోగం. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన రిచర్డ్ ఆండర్సన్, చైనా పరిశోధకులు కలిసి 1997లో ప్రచురించినది. టైప్ 2 షుగర్ ఉన్న 180 మందిని మూడు గుంపులు చేశారు. నాలుగు నెలలయ్యాక మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 8.5, రోజుకు 200 మైక్రోగ్రాములు తీసుకున్నవాళ్లలో 7.5, వెయ్యి తీసుకున్నవాళ్లలో 6.6 ఉంది. నిజంగా పెద్ద తేడా, మంచి మందులు తెచ్చే తేడా. ఇది అందరికీ వర్తించేదే అయితే వేరే దేశంలో చేసినా దరిదాపుల్లో రావాలి. నెదర్లాండ్స్‌లో క్లేఫ్‌స్ట్రా బృందం ఇన్సులిన్ మీద ఉన్న స్థూలకాయులకు ఆరు నెలలపాటు 500, 1000 మైక్రోగ్రాములు ఇచ్చి 2006లో ఫలితం ప్రకటించింది. హెచ్‌బీఏ1సీ ఉత్తుత్తి మాత్ర గుంపు కన్నా మెరుగుపడలేదు. అంతకు ముందు ఏడాదే అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆధారాలన్నీ తిరగేసి, ఒక్క చిన్న అధ్యయనం తప్ప చూపించడానికేమీ లేదని, క్రోమియానికీ షుగర్‌కూ సంబంధం అత్యంత అనిశ్చితమని లేబుల్ మీదే రాయించే ఏర్పాటు చేసింది. చైనా ఫలితం అబద్ధమని అనడం లేదు. అలాంటి ఫలితం ఎవరిలో వస్తుందో ముందే చెప్పలేనప్పుడు చీటీలో అందరికీ రాయడం ఎలా సరైనదవుతుంది?

హాని లేనప్పుడు ఉంటే పోయేదేముంది అన్నది రెండో వాదన. 200 మైక్రోగ్రాముల దగ్గర పెద్ద ప్రమాదం కనిపించలేదన్నది నిజమే. విపరీతమైన మోతాదుల్లో మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు ఒకటీ అరా నమోదయ్యాయి. కానీ నష్టం అక్కడ మాత్రమే లేదు. నెలకు ఇంత అని మందులకు పెట్టేవాళ్లు ఈ బిళ్ల కొంటున్నది పప్పుకూ కూరలకూ పెట్టాల్సిన డబ్బుతోనే. బిళ్ల వేసుకుంటున్నాం కదా అని నడక, అన్నం కొలత, అసలు మందు వాయిదా పడటం ఇంకా పెద్ద నష్టం. లోటు పూడ్చడానికీ మందు ఇవ్వడానికీ ఉన్న తేడా విటమిన్ డి దగ్గర మరింత స్పష్టంగా కనబడింది. 2019లో వచ్చిన డి2డి అనే అమెరికా ప్రయోగంలో షుగర్ అంచున ఉన్న 2,423 మందిలో సగం మందికి రోజుకు 4,000 యూనిట్లు ఇచ్చారు. రెండున్నరేళ్లలో విటమిన్ తీసుకున్నవాళ్లలో 293 మందికి, తీసుకోనివాళ్లలో 323 మందికి షుగర్ వచ్చింది. యాదృచ్ఛికం కాదని చెప్పగలిగే తేడా కాదది. పాల్గొన్నవాళ్లలో ఎక్కువమందికి మొదట్నుంచే డి చాలినంత ఉంది. నిండిన కుండలో ఇంకా పోసిన నీళ్లు ఎటు పోతాయో అదే జరిగింది.

అలాగని రేకు మొత్తాన్ని పారేయమనడం తప్పవుతుంది. అందులోని మిథైల్‌కోబాలమిన్ అంటే బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో పేగు బి12ను సరిగా పీల్చుకోదు. శాకాహారులకు తిండిలో దొరికేదే తక్కువ. ఈ లోటు వల్ల వచ్చే తిమ్మిర్లు షుగర్ వల్ల వచ్చే తిమ్మిర్లను అచ్చంగా పోలి ఉంటాయి కనుక గుర్తుపట్టక చాలాకాలం గడిచిపోతుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతున్నదీ ఇదే: మెట్‌ఫార్మిన్ మీద ఉన్నవాళ్లకు, ముఖ్యంగా రక్తహీనతో నరాల బాధో ఉంటే, అప్పుడప్పుడూ బి12 పరీక్ష చేయించాలి. లోటు లేనివాళ్లకు షుగర్ తగ్గించడానికి మాత్రం క్రోమియం, విటమిన్ డి లాంటివి సిఫార్సు చేయడం లేదు. బి12 ఎంతుందో మన జిల్లా కేంద్రాల్లోని ల్యాబుల్లోనూ రక్తం ఇచ్చి తెలుసుకోవచ్చు, తక్కువైతే బిళ్లతోనో ఇంజెక్షన్‌తోనో పూడ్చి, మళ్లీ కొలిచి చూడొచ్చు. ఒకరి ఒంట్లో క్రోమియం తక్కువగా ఉందో లేదో చెప్పే నమ్మదగిన పరీక్ష మాత్రం ఇవాళ్టికీ లేదు.